నీడకో మాట, చీకటికో మాట: స్పానిష్‌లో ఏది ఎక్కడ వాడాలి

స్పెయిన్ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని అనంతపురం దగ్గరి ఒక ఊరి బడికి తీసుకెళ్ళాను. నేను దుబాసీ పని మొదలుపెట్టి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు, దాని చుట్టూ సిమెంటు అరుగు. హెడ్‌మాస్టరుగారు అరుగు చూపించి, "ఇక్కడ మంచి నీడ ఉంటుందమ్మా, పిల్లలు మధ్యాహ్నం ఇక్కడే అన్నం తింటారు" అన్నారు. నేను డిక్షనరీలో చూసి దాచుకున్న మాటొకటి తీసి, "ఇది చాలా సొంబ్రీఒ చోటు" అని స్పానిష్‌లో చెప్పాను. ఆ స్పెయిన్ ఇల్లాలి మొహంలో నవ్వు పోయింది. కంచాలు పట్టుకుని కూర్చున్న పిల్లల వైపు ఒకసారి చూసి, మెల్లగా "పొర్ కే?" అన్నారు. ఎందుకు, అని. హెడ్‌మాస్టరుగారు చెప్పింది చల్లని చోటని. ఆవిడకు వినపడింది దిగులు కమ్మిన చోటని.

ఆ రోజు నుంచి నీడ, చీకటి మాటలను ఒక్కొక్కటిగా పట్టుకుని నేర్చుకున్నాను. మా జిల్లాలో స్పానిష్ అవసరం ఎప్పుడూ ఉంటుంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. పేదల కోసం ఆయన మొదలుపెట్టిన పనిని చూడటానికి స్పెయిన్ వాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు హైస్కూల్లో స్పానిష్ తీసుకుంటున్నారు. ఫోన్లో యాప్ పెట్టుకుని సొంతంగా నేర్చుకునే వాళ్ళూ ఉన్నారు. మీరు ఎలా నేర్చుకుంటున్నా ఈ మాటల దగ్గర ఒకసారి ఆగండి.

ముందుగా పలకడం గురించి ఒక మాట. స్పానిష్‌లో ప్రతి పదంలో ఒక అక్షరాన్ని ఒత్తి పలుకుతారు. ఆ ఒత్తు ఉన్నచోట నేను దీర్ఘం పెట్టాను, మిగతావన్నీ హ్రస్వాలే. సోంబ్ర అని రాస్తే "సో" మీద ఒత్తు, ఒస్కురిదాద్ అని రాస్తే "దాద్" మీద ఒత్తు. చివరి "ద్" చాలా తేలికగా, వినీ వినపడనట్టు పలకాలి.

మొదటి పని: ఇంగ్లీషును పక్కన పెట్టండి

మనలో చాలామంది స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం. పుస్తకాలు, యాప్‌లు అన్నీ అలాగే ఉంటాయి. ఈ విషయంలో మాత్రం ఆ దారి చుట్టుదారి. ఇంగ్లీషులో చెట్టు కింది షేడ్ వేరు, నేల మీద మన ఆకారంలో పడే షాడో వేరు. స్పానిష్‌లో రెండింటికీ ఒకటే మాట, సోంబ్ర. ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడ తడుముకుంటారు. మనం తడుముకోనక్కర్లేదు, ఎందుకంటే మనకూ రెండూ నీడే. చెట్టు నీడా నీడే, గోడ మీద పడ్డ నా నీడా నీడే.

అందుకని వాక్యం కట్టేటప్పుడు తెలుగులోంచి నేరుగా స్పానిష్‌లోకి దిగండి. నీడ అనిపిస్తే సోంబ్ర. తెలుగు జాతీయం కూడా ఒక్కోసారి ఉన్నదున్నట్టే సరిపోతుంది. "తన నీడను చూసి తానే భయపడతాడు" అంటామా? స్పానిష్‌లో "త్యేనె మ్యేదొ ఆస్త దె సు సోంబ్ర". అచ్చంగా అదే. పెద్దల అండ గురించి "మీ నీడన బతుకుతున్నాం" అంటామా? వాళ్ళకూ సామెత ఉంది: "క్యేన్ అ బ్వేన్ ఆర్బొల్ సె అర్రీమ, బ్వేన సోంబ్ర లె కొబీహ". మంచి చెట్టును ఆనుకున్నవాణ్ణి మంచి నీడ కాస్తుంది అని. ఈ సామెత మొదటిసారి విన్నప్పుడు నాకు మా తాతగారి మాట విన్నట్టే అనిపించింది.

రెండో పని: వెలుతురు ఉందా లేదా చూడండి

సోంబ్ర ఉండాలంటే వెలుతురు ఉండాలి. ఎండైనా దీపమైనా ఏదో ఒకటి వెలుగుతూ, దానికేదో అడ్డం రావాలి. అసలు వెలుతురే లేకపోతే అది సోంబ్ర కాదు, ఒస్కురిదాద్. మధ్యాహ్నం ఎండలో నడుస్తూ "పద, నీడకి పోదాం" అనాలంటే "బామొస్ అ ల సోంబ్ర". అదే చోట ఒస్కురిదాద్ వాడితే చీకట్లోకి రమ్మన్నట్టవుతుంది.

"నీడలో" అనడానికి ఎక్కువగా వాడేది "అ ల సోంబ్ర". దీన్ని మూడు ముక్కలుగా కాకుండా ఒకే మాటగా నోటికి పట్టించండి. వేసవిలో స్పెయిన్‌లో హోటల్ బయట బల్లలు వేసి ఉంటాయి. అక్కడ మీరు మొదట అడగాల్సిందిదే: "త్యేనె ఊన మేస అ ల సోంబ్ర?" నీడలో టేబుల్ ఉందా అని. సెవిల్యాలో జూలై, ఆగస్టు నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. సియేర్పెస్ వీధి లాంటి చోట్ల ఇళ్ళ మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద గుడ్డలు కడతారు, మన పెళ్ళి షామియానాల్లాగా. అలాంటి గుడ్డ నీడకి మామూలు మాట తోల్దొ. ఎండ గురించి చెప్పేటప్పుడు "క్వరేంత గ్రాదొస్ అ ల సోంబ్ర" అంటారు. నీడలోనే నలభై డిగ్రీలు, ఇక ఎండలో ఎంతుంటుందో చూసుకోమని.

నీడకు ఖరీదు కట్టే చోటు కూడా ఉంది. మాడ్రిడ్‌లోని లాస్ వేంతాస్ లాంటి ఎద్దుతో మనిషి తలపడే మైదానాల్లో టికెట్లు మూడు రకాలు: సోల్, సోంబ్ర, సోల్ ఇ సోంబ్ర. సోల్ అంటే ఎండ వైపు, చవక. సోంబ్ర అంటే నీడ వైపు, ఖరీదు. మధ్యలో ఉన్నది మొదట ఎండగా ఉండి, పొద్దు వాలుతుండగా నీడలోకి వచ్చే వరుసలు. టికెట్ కొనేటప్పుడు ఈ మూడు మాటలు తెలిస్తే చాలు.

ఇక క్రియలు. ఇక్కడ కాస్త నిదానించండి. చెట్టు నీడనిస్తుంది అనాలంటే "దార్ సోంబ్ర", అంటే నీడ ఇవ్వడం. "ఎల్ ఆర్బొల్ దా సోంబ్ర." మన మాటలాగే ఉంది కదా. నీడ చేయడం అనే అర్థంలో "అసేర్ సోంబ్ర" అనే ఇంకో మాట ఉంది. ఇది కూడా మామూలు నీడకి వాడతారు గాని, మనుషుల మధ్య వాడితే రంగు మారుతుంది. మీరు పుస్తకం చదువుకుంటుంటే ఎవరైనా దీపానికి అడ్డంగా నిలబడితే "మె ఆసెస్ సోంబ్ర" అంటారు, వెలుతురుకి అడ్డం లే అని. అన్న పేరు ముందు తమ్ముడు కనపడకుండా పోతే, అన్న తమ్ముడికి నీడ చేస్తున్నాడంటారు. మనం "మర్రిచెట్టు కింద మరో మొక్క మొలవదు" అంటామే, ఆ భావం. మెచ్చుకోవాలంటే దార్ వాడండి. పెద్దాయన గురించి పొగుడుతూ పొరపాటున అసేర్ అంటే, ఆయన వల్ల ఎవరూ పైకి రాలేకపోయారని అర్థం వస్తుంది.

ఇంకో జాగ్రత్త. మనం "హాయిగా నీడపట్టున ఉన్నాడు" అంటే ఇంటిపట్టున సుఖంగా ఉన్నాడని. స్పానిష్‌లో ఒక మనిషి గురించి "ఎస్తా అ ల సోంబ్ర" అంటే చెట్టు కింద ఉన్నాడనీ కావచ్చు, జైల్లో ఉన్నాడనీ కావచ్చు. బల్ల దగ్గర కూర్చున్న వాళ్ళ గురించైతే ఏ ఇబ్బందీ లేదు. ఊళ్ళో లేని మనిషి గురించి చెప్పేటప్పుడు మాత్రం "ఇంట్లోనే ఉన్నాడు" అని సూటిగా చెప్పేయండి. అలాగే "అ ల" బదులు "ఎన్ ల సోంబ్ర" అంటే చాలాసార్లు తెర వెనక, ఎవరికీ కనపడకుండా అనే అర్థం వస్తుంది. రాజకీయ వార్తల్లో తరచు వినపడుతుంది.

ఇప్పుడు నా వేపచెట్టు దగ్గరికి వద్దాం. నీడ ఉన్న చోటు అనడానికి విశేషణం వెతుక్కోవద్దు. "ఊన్ సీత్యొ కొన్ సోంబ్ర" అనండి, నీడ ఉన్న చోటు. లేదా "అకీ ఐ మూచ సోంబ్ర", ఇక్కడ బోలెడు నీడ ఉంది. సొంబ్రీఒకి డిక్షనరీలో నీడ పట్టిన చోటు అనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ వినేవాళ్ళకు ముందు తగిలేది దిగులు, నిస్తేజం. మొహం సొంబ్రీఒ, భవిష్యత్తు సొంబ్రీఒ, ఇలా వాడతారు. పలకడంలోనూ చిక్కుంది. గొడుగు అనే అర్థంలో వాడే సొంబ్రీయ, సొంబ్రీఒకి స్త్రీలింగ రూపమైన సొంబ్రీఅ, వినడానికి పక్కపక్కనే ఉంటాయి. గొడుగు మాటలో "య" స్పష్టంగా పలకాలి.

గొడుగు మాట ఎత్తాం కాబట్టి: మనకు ఎండకైనా వానకైనా ఒకటే గొడుగు. స్పెయిన్‌లో ఎండకు వేసేది సొంబ్రీయ, వానకు వేసేది పరాగ్వస్. సోంబ్రలోంచి వచ్చిందే సొంబ్రేరొ కూడా, తలకు నీడనిచ్చే టోపీ. మూడు మాటలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

మూడో పని: చీకటిని నాలుగు వాకిళ్ళ నుంచి చూడండి

మన చీకటి ఒక్కటే మాట. "గది చీకటిగా ఉంది", "చీకట్లో కూర్చున్నాం", "చీకటి పడింది", "చీకటంటే భయం", అన్నిటికీ అదే సరిపోతుంది. స్పానిష్‌లో ఈ నాలుగు వాక్యాలకూ నాలుగు రకాల మాటలు కావాలి. తెలుగువాళ్ళు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే, అన్నిచోట్లా ఒస్కురిదాద్ పెట్టేసి.

గది సంగతి. చీకటిగా ఉంది అనడానికి ఒస్కూరొ అనే విశేషణం. దాని ముందు "ఉంది" అనడానికి ఎస్తా రావాలా, ఎస్ రావాలా? లైటు వేస్తే పోయే చీకటైతే ఎస్తా: "ఎల్ క్వార్తొ ఎస్తా ఒస్కూరొ." కిటికీల్లేక, పగలు కూడా వెలుతురు రాని గదైతే ఎస్: "ఎల్ క్వార్తొ ఎస్ ఒస్కూరొ." తెలుగులోనూ ఈ తేడా ఉంది, మనం గమనించం అంతే. "గది చీకటిగా ఉంది" అంటే లైటు వేయమని. "అది చీకటి గది" అంటే అద్దెకు తీసుకోవద్దని. మీ వాక్యం వీటిలో ఏదో చూసుకుంటే ఎస్తా, ఎస్ దానంతటదే తేలిపోతుంది.

చీకట్లో కూర్చోవడం, చీకట్లో వెతకడం, చీకట్లో అన్నం తినడం, వీటికి "అ ఒస్కూరస్". వెలుతురు లేకుండా ఏదైనా చేయడం. కరెంటు పోయినప్పుడు మనం ఉన్న స్థితి ఇదే: "ఎస్తామొస్ అ ఒస్కూరస్." మెక్సికో మొదలైన చోట్ల కరెంటు పోయిందనడానికి "సె ఫ్వే ల లూస్" అంటారు, వెలుతురు వెళ్ళిపోయిందని. స్పెయిన్‌లో "సె అ ఈదొ ల లూథ్" అని ఎక్కువగా వినపడుతుంది, లూస్‌నే అక్కడ లూథ్ అని పలుకుతారు. ఊరంతా కరెంటు పోవడాన్ని అపగోన్ అంటారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ రెండు దేశాల్లోనూ కరెంటు పోయింది. అది మిట్టమధ్యాహ్నం, బయట బోలెడు వెలుతురు. అయినా దాన్ని అపగోన్ అనే అన్నారు, "వెలుతురు వెళ్ళిపోయింది" అనే అన్నారు. కాబట్టి ఈ మాటలు కరెంటుకి సంబంధించినవే తప్ప చీకటికి కాదు. పగలు కరెంటు పోతే లూస్ పోయిందనండి, అ ఒస్కూరస్ మాత్రం అనకండి.

మూడోది, నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది, "చీకటి పడింది". దీన్ని మాటకు మాట పెట్టి ఒస్కురిదాద్ కింద పడిందని చెప్తే నవలలో వాక్యంలా ఉంటుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు దీనికి రాత్రి మాట కావాలి. "యా ఎస్ దె నోచె", రాత్రయిపోయింది. చీకటి పడటానికి అచ్చంగా ఒక క్రియ ఉంది, అనొచెసేర్. నోచె అంటే రాత్రి, ఆ నోచె ఇందులోనే ఉంది. "చీకటి పడుతోంది" అంటే "ఎస్తా అనొచెస్యేందొ". అమ్మ పిల్లవాడితో "చీకటి పడకముందే ఇంటికి రా" అనాలంటే "బేన్ ఆంతెస్ దె కె అనొచేస్క". ఒస్కురెసేర్ అనే క్రియ కూడా ఇదే పనికి వస్తుంది. మబ్బు పట్టి పగలే చీకటైతే ఒస్కురెసేర్ తప్ప అనొచెసేర్ కుదరదు, ఎందుకంటే రాత్రి రాలేదు కదా.

అనొచెసేర్‌లో నాకు చాలా ఇష్టమైన సంగతొకటి ఉంది. దీన్ని మనుషులకు కూడా వాడతారు. "అనొచెసీమొస్ ఎన్ సెబీయ" అంటే మేం సెవిల్యాలో ఉండగా చీకటి పడింది అని. "మాకు కర్నూల్లోనే పొద్దుగూకింది" అంటామే, అదే ఒడుపు. ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి రెండు ముక్కలు కావాలి. తెలుగు వచ్చినవాళ్ళకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

ఇక మిగిలింది ఒస్కురిదాద్. చీకటిని ఒక వస్తువుగా, ఒక పేరుగా చెప్పేటప్పుడే దాన్ని వాడండి. చీకటంటే భయం: "తేంగొ మ్యేదొ అ ల ఒస్కురిదాద్." చీకట్లో మెరిసే స్టిక్కర్లు, వాచీ ముళ్ళు: "బ్రీయ ఎన్ ల ఒస్కురిదాద్." మెరుస్తున్నది చీకటి లోపల ఉంది, అందుకే ఎన్. మనం "కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి" అన్నచోట వాళ్ళు తోడేలు నోరంత చీకటి అంటారు, "బోక దె లోబొ". పాత రాతల్లో ఒబ్స్కూరొ అని "బ" కలిపి ఉంటే కంగారు పడకండి, అది ఒస్కూరొనే. మీరు మాత్రం "బ" లేకుండానే రాయండి.

నాలుగో పని: మసక, గాఢం

నీడకూ చీకటికీ మధ్య మసక వెలుతురు పెనూంబ్ర. తలుపులు మూసి, కిటికీ సందుల్లోంచి కాస్త వెలుతురు వస్తున్న మధ్యాహ్నపు గది పెనూంబ్ర. స్పెయిన్‌లో వేసవి మధ్యాహ్నాలు ఇళ్ళలో కిటికీలకు ఉండే పెర్స్యాన అనే పలకల తెర దించేసి ఇలాగే ఉంచుతారు. గ్రహణాల గురించి చెప్పేటప్పుడూ ఇదే మాట. 2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం స్పెయిన్ ఉత్తర భాగం మీదుగా సాయంత్రం పూట పోయేది కాబట్టి, దాని గురించి చదివితే సోంబ్ర, పెనూంబ్ర పక్కపక్కనే కనపడతాయి. మన సైన్సు పుస్తకాల్లో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ ఉన్నట్టు.

తిన్యేబ్లస్ గాఢాంధకారం. ఎప్పుడూ బహువచనమే అనుకోండి. ఇది గుడి మాట. స్పానిష్ బైబిల్లో దేవుడు వెలుగును వేరుచేసింది తిన్యేబ్లస్ నుంచే. ఈస్టరుకు ముందు వారంలో, పదిహేను కొవ్వొత్తులున్న త్రికోణపు స్టాండు మీద ఒక్కొక్కటే ఆర్పుతూ చేసే పాత ప్రార్థనకూ అదే పేరు. వంటింట్లో లైటు వెలగనప్పుడు ఈ మాట వాడకండి.

కొండల్లో నడిచేవాళ్ళకైతే ఉంబ్రీఅ, సొలాన పనికొస్తాయి. ఎండ పెద్దగా సోకని ఉత్తరపు వాలు ఉంబ్రీఅ, ఎండ కాసే దక్షిణపు వాలు సొలాన.

ఐదో పని: తెలుగు దారి తప్పించే చోట్లు

తెలుగును నమ్మమని మొదట చెప్పాను. అయితే నమ్మకూడని చోట్లూ కొన్ని ఉన్నాయి.

చెరువు నీళ్ళలో కొబ్బరిచెట్టు నీడ, అద్దంలో మన నీడ. తెలుగులో ఇవీ నీడలే. స్పానిష్‌లో కాదు, అది రెఫ్లేహొ, ప్రతిబింబం. నీళ్ళలో సోంబ్ర కనపడుతోందంటే నీళ్ళ మీద నల్లగా పడ్డ నీడ అనుకుంటారు. ఆ తేడా పెద్దది.

"నిలువ నీడ లేదు" అంటే మనకు ఇల్లు లేదని. అక్కడ నీడ బదులు పైకప్పు, తేచొ. ఇల్లు లేనివాళ్ళు "లొస్ సిన్ తేచొ". ఊళ్ళలో వృద్ధులు ఈ మాట అన్నప్పుడు నేను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి తేచొ అంటాను.

చీకటి వ్యాపారం, చీకటి డబ్బు. వీటికి స్పానిష్‌లో రంగు కావాలి, నలుపు. "మెర్కాదొ నేగ్రొ", "దినేరొ నేగ్రొ". మన నల్లధనం మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

రంగుల ఛాయకు సోంబ్ర వాడకండి, తోనొ అనండి. ముదురు నీలం "అసూల్ ఒస్కూరొ". చొక్కాలు ఎన్ని ఉన్నా ఈ రెండు మాటలూ మారవు: "కమీసస్ అసూల్ ఒస్కూరొ". మనిషి చామనఛాయ అనాలంటే మొరేనొ, ఆడవాళ్ళకు మొరేన. నల్ల జుట్టు ఉన్నవాళ్ళనూ ఈ మాటతోనే పిలుస్తారు కాబట్టి సందర్భం చూసుకోండి.

ఆఖరి పని: సాయంత్రం అరుగు మీద

నోటికి రావాలంటే పుస్తకం చాలదు. ఒక సాయంత్రం ఐదింటికి ఇంటి ముందు కూర్చోండి. ఎదురుగా ఏముందో పైకి చెప్పండి. గోడ నీడలో కుక్క పడుకుని ఉంది: అ ల సోంబ్ర. చెట్టు నీడనిస్తోంది: దా సోంబ్ర. నా నీడ పొడుగైంది: మి సోంబ్ర. ఆరున్నరకు వెలుతురు మసకబారింది: పెనూంబ్ర. ఏడింటికి చీకటి పడుతోంది: ఎస్తా అనొచెస్యేందొ. లోపల గదిలో ఇంకా లైటు వేయలేదు: ఎస్తా ఒస్కూరొ. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరైనా లైటు వేయబోతే ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఆ ఒక్కటీ కూడా అనేయండి: ఎస్తామొస్ అ ఒస్కూరస్.